నిలువురాళ్ళ దగ్గర మధ్యాహ్నం అన్నం

అమ్మలూ, నువ్వు చూపిస్తానన్న రాళ్ళు చూసొచ్చానే.

ఈ పేజీ మా అమ్మాయిది. పాత రాళ్ళు, పాత బావులు ఎక్కడున్నాయని తెలిసినా సెలవు రోజున వెళ్ళి చూసి, ఎలా వెళ్ళాలో, ఎంత ఖర్చవుతుందో ఇందులో రాసేది. నరసరావుపేటలో రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. పోయినేడు వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. నేను అయిదో తరగతి దాకా చదివాను. నల్లపాడులో ఉంటూ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. పొదిలి వైపు నిలువురాళ్ళున్నాయని, వాటి పక్కనే పేరంటాలమ్మ బావి ఉందని, నన్ను తీసుకెళ్తానని అమ్మలు అంటూ ఉండేది. ఆ బావిలో నీళ్ళు తోడి, పోయినవాళ్ళ పేరు చెప్పి రాయి మొదట్లో పోస్తారట. దాని పేరున ఒక చేద నీళ్ళు పోసి రావాలని బయల్దేరాను.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. పని దగ్గర మేము అన్నాలకి లేచే వేళకి రోజూ అమ్మలు ఫోన్ చేసేది. హలో అని కూడా అనేది కాదు. "తిన్నావా?" అనేది. తిన్నానంటే పెట్టేసేది. అది పోయాక మధ్యాహ్నం అన్నం నాకు గొంతు దిగడం లేదు. మానేశాను. పొద్దున టీ, రాత్రికి రెండు ముద్దలు, అంతే. పక్కన కూర్చునే ఆడవాళ్ళు చెప్పీ చెప్పీ ఊరుకున్నారు.

ఉదయం నల్లపాడు స్టేషన్లో వినుకొండ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. టికెట్ బస్సుకయ్యేదాంట్లో సగం కూడా కాదు. మీరు వెళ్ళేటట్లయితే కాస్త ముందే స్టేషనుకి వెళ్ళండి, కాయల సీజన్లో కూలికి వెళ్ళేవాళ్ళతో పెట్టె నిండిపోతుంది. నరసరావుపేట ప్లాట్‌ఫారం కనపడకుండా రెండో వైపు కూర్చున్నాను. ఆ వైపు చేలన్నీ కోతల్లో ఉన్నాయి, కల్లాల మీద కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వినుకొండలో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట ఇడ్లీలు వేడిగా ఉన్నాయి గానీ నేను టీ కూడా తాగలేదు. దేవత దగ్గరికి వెళ్ళేటప్పుడు ఉపవాసంతో వెళ్ళడం మాకు అలవాటు. నా సంచిలో చిన్న క్యారేజీ ఉంది. అందులో అన్నం, పండుమిరప పచ్చడి, కాస్త నెయ్యి. అది అమ్మలుకి ఇష్టం. రాయి దగ్గర పెడదామని తెచ్చాను.

అక్కడి నుంచి పొదిలి వెళ్ళే బస్సెక్కి, పొదిలి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక అడ్డరోడ్డు దగ్గర దిగాను. కండక్టరుకి నిలువురాళ్ళని చెబితే తెలియదు, పేరంటాలమ్మ బావి అంటే ఆపుతాడు. అడ్డరోడ్డు మీద ఒకటే ఆటో ఉంది. డ్రైవరు పేరు ఏడుకొండలు.

"బావికాడికా, రాళ్ళకాడికా అక్కా?" అన్నాడు.

"రెండూ చూడాలి."

"రాళ్ళేం చూస్తావ్? మా చేలో బోలెడున్నయ్. ఏరలేక చస్తన్నాం, ఆటోలో ఏసుకొస్తా, పట్టకపో."

చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. అక్కడే ఉండి మళ్ళీ రోడ్డు మీద దింపేటట్టు రానూపోనూ మూడు వందలకి ఒప్పుకున్నాడు. కదిలేముందు బజ్జీల బండి దగ్గర ఆపాడు.

"రెండు బజ్జీలు తిని పోదాం. ఆడ ఏమీ దొరకదు."

"నేను ఉపవాసమయ్యా. దేవత దగ్గరికి తిని వెళ్ళకూడదు గదా."

అతను నా వైపు అదోలా చూశాడు. "సరే, ఆ మాట బావికాడుండే సుబ్బాయమ్మతో చెప్పుకో," అని తను మాత్రం నాలుగు తిన్నాడు.

మట్టి దోవలో పావుగంట ప్రయాణం. రాళ్ళు ఒక పత్తి చేను మధ్యలో ఉన్నాయి. బోర్డు లేదు, కంచె లేదు, టికెట్ లేదు. మనిషి కంటే ఎత్తయిన రాళ్ళు గుండ్రంగా నిలబెట్టి ఉన్నాయి. కొన్ని పడిపోయాయి, ఒకటి ఒరిగి ఉంది. ఒక రాయికి పట్టా కట్టి పత్తి మూటలు దాచుకున్నారు. ఇంకో రాయి నీడలో కూలివాళ్ళ టిఫిన్ డబ్బాలు ఉన్నాయి. వీటి కింద పాతకాలం వాళ్ళ సమాధులున్నాయని అమ్మలు చెప్పేది. చెయ్యి పెట్టి చూశాను. ఎండ వైపు కాలుతోంది, నీడ వైపు చల్లగా ఉంది. చుట్టూ రెండుసార్లు తిరిగి, బావి దగ్గరికి నడిచాను.

బావి చేనుగట్టు దాటగానే ఉంది. రాతి ఒర, పైన గిలక, పసుపు రాసిన చిన్న బండ. గట్టు మీద ఒక ముసలామె తాడు చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుబ్బాయమ్మ ఆమే. నేను చెప్పులు విడిచేలోపే అడిగింది.

"తిన్నావా?"

నాకు కాళ్ళు ఆగిపోయాయి. ఆ వేళకి ఆ మాట విని ఎన్ని నెలలైందో.

"లేదండీ. ఉపవాసంతో వచ్చాను," అన్నాను.

"అయితే తాడు ఇయ్యను."

"దూరం నుంచి వచ్చాను పెద్దమ్మా. ఒక్క చేద."

"యాడ నుంచి వస్తే ఏంది? పేరంటాలమ్మ ఎట్టా పోయిందనుకుంటన్నావ్? కరువేడు ఊరందరికీ తోడిపోసింది, తను మాత్రం తినలా. కళ్ళు తిరిగి ఇందులో పడింది. అప్పటినించి తిననోళ్ళు ఈ గిలక ముట్టుకోగూడదు. ఇది చానా లోతు తల్లీ."

"చెప్పానా అక్కా, బజ్జీలు తినమని," అన్నాడు నా వెనకాలే వచ్చిన ఏడుకొండలు.

"నువ్వూరుకోరా! తినమన్నావ్ గానీ ఎందుకో చెప్పావా?" అని ఆమె అతని మీద కేకలేసింది.

"పోనీ మీరు తోడివ్వండి, నేను పోస్తాను," అన్నాను.

"నీ వాళ్ళకి నువ్వు తోడాల. ఎవరు పోయారు?"

"కూతురండీ. మధ్యాహ్నం పూట అన్నం దిగదు నాకు. అది పోయిన కాడి నుంచి."

ఆమె పక్కకి జరిగి చోటిచ్చింది. "ఇట్టా కూచో. మెల్లగా దిగుద్ది. నాకేం పనుంది, పొద్దుగూకిందాకా ఈడే ఉంటా. ఆ క్యారేజీలో ఏంది?"

"రాయి దగ్గర పెట్టడానికి తెచ్చానండీ."

"రాయి యాడ తింటదే? చీమలు తింటయ్. చీమలకో ముద్ద పెట్టు, మిగతాది నువ్వు తిను."

తినకుండా లేస్తే నీళ్ళు పోయకుండానే తిరిగి వెళ్ళాలి. మూత తీశాను. మొదటి ముద్ద నోట్లోనే చాలాసేపు ఉంది. ఆమె చూడనట్టు చేను వైపు తిరిగింది. మింగాను. రెండోది కొంచెం తేలిక. వాళ్ళిద్దరి చేతుల్లోనూ తలా ఒక ముద్ద పెట్టాను.

"అబ్బో, ఏం కారం! గుంటూరు యార్డంతా ఇందులో ఏసి నూరావా?" అని సుబ్బాయమ్మ ఊదుకుంది.

"మా అమ్మాయికి ఇంతే కావాలండీ," అన్నాను.

చీమల ముద్ద మూతలో ఉంచి మిగతాది తిన్నాక చెయ్యి కడిగించి తాడు నా చేతికిచ్చింది. నిజంగానే చాలా లోతు. చేద పైకొచ్చేసరికి భుజాలు లాగేశాయి. ఒరిగి ఉన్న రాయి మొదట్లో ఆ ముద్ద పెట్టి, నీళ్ళు పోశాను. బడిలో రాయించిన పేరు చెప్పలేదు. అమ్మలూ అని పిలిచి, "తిన్నానే," అని చెప్పాను.

మూడింటికి అడ్డరోడ్డుకి వస్తే వినుకొండ బస్సు దొరికింది. ఆ బస్సులో కూర్చుని ఆ రాళ్ళ గురించే ఆలోచించాను. అంతంత రాళ్ళు ఒక్కరూ ఇద్దరూ లాగలేరు. ఎవరో పోతే ఊరంతా కలిసి తాళ్ళు కట్టి లాగి ఉంటారు. పోయినవాళ్ళ సొంతవాళ్ళు కూడా ఆ తాడు పట్టుకునే ఉంటారు. వాళ్ళకీ ఆ రోజు అన్నం సహించి ఉండదు. అయినా ఎవరో వండి, ఎవరో బతిమాలి తినిపించి ఉంటారు. ఖాళీ కడుపుతో అంత రాయి లేవదు. మర్నాడు పనిలో అన్నాలకి లేచినప్పుడు నేనూ డబ్బా తీశాను. మొత్తం తినలేదు, సగం తిన్నాను.

మీరు వెళ్తే వినుకొండలోనే టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి అన్నం కట్టుకెళ్ళండి. దారిలో బజ్జీల బండి తప్ప హోటల్ లేదు, తినకపోతే సుబ్బాయమ్మ తాడివ్వదు. వెళ్ళకపోయినా సరే, ఇది చదివేవాళ్ళు వేళకి కడుపు నిండా అన్నం తినండి.