మంచం మీద బతుకమ్మ ఆడిన సాయంత్రం

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే తంగేడు పూల పచ్చివాసన గుప్పుమంది. కింద గంపల నిండా పూలు, బేరాలు, అరుపులు. ఆగలేకపోయాను, రెండు చేతులా పట్టినన్ని కొనేశాను. ఈ వాసన తగిలితే చాలు, నాకు రాధ మేడమ్ గుర్తొస్తారు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో ఫిజియోథెరపిస్టు ఆవిడ. కాకినాడ వైపు మనిషి. ఎంత హడావిడో! ఆవిడ అడుగుపెడితే వార్డంతా పెళ్లిల్లులా ఉండేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. స్కూటర్ గుద్ది తొడ ఎముక విరిగింది. నడుము నుంచి పాదాల దాకా సిమెంట్ కట్టు వేసి, వారాల తరబడి కదలొద్దన్నారు. ఇంతలో బతుకమ్మ పండుగ వచ్చేసింది. ఇంటికి పంపమని ఏడ్చాను, పంపలేదు. ఇక మాట మానేశాను, అన్నం మానేశాను. "జర ఒక్క బుక్క తిను బిడ్డా" అని అమ్మ ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. ఇలాగైతే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పేసరికి అమ్మ హడలిపోయింది.

ఆ సాయంత్రం మేడమ్ పళ్లెంలో చిన్న బతుకమ్మను పేర్చుకొచ్చారు. తెచ్చి తిన్నగా నా పొట్ట మీది కట్టుపైన పెట్టేశారు! అమ్మను, నర్సులను నా మంచం చుట్టూ నిలబెట్టి, "ఊఁ, తిరగండి" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గట్ల కాదు మేడమ్! నేనేమన్న బతుకమ్మనా? దాన్ని నడుమల పెట్టాలె. నేను సుట్టు తిరగాలె!"

ఇన్ని రోజుల తర్వాత నా గొంతు విని అమ్మ నోరెళ్లబెట్టింది. మేడమ్ మాత్రం ముక్కున వేలేసుకున్నారు.

"అయ్యో, నాకేం తెలుసే తల్లీ! మా వైపు ఈ పండగ లేదుగా. నువ్వు తిరగాలి, అంతేగా?" అంటూనే వంగి మంచం చక్రాల బ్రేకు తీసేశారు.

వార్డు మధ్యలో స్టూలు, దాని మీద బతుకమ్మ. చుట్టూ నా మంచం, నా వెనక కట్లతో ఉన్న మరో ఇద్దరు పిల్లల మంచాలు! నర్సులు తోస్తుంటే చక్రాలు కిర్రుకిర్రుమంటున్నాయి. "చప్పట్లు ఎలా కొట్టాలో నేర్పవే" అన్నారు మేడమ్. వ్యాయామానికి రోజూ ఎత్తమన్నా ఎత్తని చేతులెత్తి నేర్పాను. అబ్బ, ఏం ఆట అది! పడుకునే ఆడాను, ఆయాసం వచ్చేదాకా నవ్వాను. మంచం ఆగాక అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, ఆకలైతుంది."

అమ్మ ఏడుస్తూనే అన్నం కలిపింది.

ఇప్పుడు నేనూ మేడమ్‌లా పిల్లల ఫిజియోథెరపిస్టునే. పిల్లలకు కదలొద్దని చెప్పక తప్పదు. కానీ ఆ మాట చెప్పేసి లేచి వచ్చేయడం నాకు చేతకాదు. "నీకేం ఆడాలనుంది?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఆ మంచం పక్కనే కూర్చుంటాను.