రోహిణి పరుగు

మా ఎదురింటి రోహిణి నరసరావుపేట బడిలో లెక్కల టీచరు. పోయినేడాది తమ్ముడు గోపీచంద్ గుండె ఆగి చనిపోయాడు. అప్పటినుంచి తెల్లారేసరికి బూట్లేసుకుని సత్తెనపల్లి రోడ్డున పరిగెత్తుతోంది.

“ఏందే ఈ పరుగు?” అని ఆపి అడిగా.

“విజయవాడలో మారథాన్ అత్తా, నలభై రెండు కిలోమీటర్లు. తమ్ముడి పేరు మీద పరిగెడతా. నా పరుగుకని జనం ఇచ్చే చందాలు గుండెజబ్బు వాళ్ల వైద్యానికి పోతాయి.”

కోటప్పకొండకు చెప్పుల్లేకుండా నడిచిపోయే మొక్కు నాకు తెలుసు. అది మనిషి బతికితే తీర్చేది. పోయినవాడికి మొక్కేంది? అయినా, “మొక్కయితే బూట్లు విప్పవే” అన్నా. నవ్వి పోయింది.

నిన్న వాళ్లమ్మ సుశీల ఏడ్చుకుంటూ వచ్చింది. “దీని గుండె కూడా ఆగితే నాకెవరున్నారొదినా? నువ్వు చెబితే మానుతుంది.”

సరేనని పోయి గట్టిగానే చెప్పా. రోహిణి నిమ్మళంగా అంది: “నా గుండె డాక్టరుకు చూపించుకున్నానత్తా, బాగుంది. తమ్ముడిదే చూపించలేదు. నొప్పంటే గ్యాస్ అనుకుని వామునీళ్లు తాగించి పడుకోబెట్టాం. ఇంకో ఇంట్లో అట్టా జరగకూడదనే పరిగెత్తుతున్నా.”

ఆ వామునీళ్లు కాచి ఇచ్చింది నేనే. ఆ పిల్ల ఆ మాట అనలేదు. తెలిసీ అనలేదో, మరిచిపోయిందో నాకు తెలియలేదు. మానుకోమని చెప్పడానికి పోయినదాన్ని, “జాగర్త” అని మాత్రం అని బయటికొచ్చా. గుమ్మంలో సుశీల నిలబడి ఉంది. ఏమని చెప్పను?