పులివెందుల నుంచి వచ్చిన లక్ష ప్రశ్నలు

ప్రొద్దుటూరులో హఫీజా వాళ్ల వీధిలో సగంమంది ఆమెను డాక్టరమ్మ అనుకుంటారు. ఇంట్లోనే కూర్చుని జబ్బుల పని ఏదో చేస్తుందని విన్నారు మరి. ఎదురింటి తిరుపాలమ్మ ఒకరోజు మోకాళ్లు పట్టుకుని నేరుగా వచ్చేసింది.

“నేను డాక్టరు గాదు పెద్దమ్మా. డాక్టర్లు చూసే పుస్తకం కంప్యూటర్లో ఎప్పుడు తెరిచినా తెరుచుకునేట్ల చూస్తాండా, అంతే.”

“అంతేనా? దానికి జీతం గూడా ఇస్తారా?” అంది తిరుపాలమ్మ ఆశ్చర్యంగా.

ఇస్తారు. జబ్బుల పేర్లు, వాటి వెనకున్న జన్యువులు, మందులు అన్నీ ఒకచోట చేర్చిన వెబ్‌సైటు అది. ఏ దేశంవాళ్లయినా ఉచితంగా చూసుకోవచ్చు. దాన్ని నడిపే సర్వర్లు జర్మనీలో ఉంటాయి. వాటి బాగోగులు చూసే ఐదుగురిలో హఫీజా ఒకతె.

మొన్న ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున ఆమె టీ తాగుతుండగా సైటు నత్తనడక పట్టింది. చూస్తే ఒకే చోటి నుంచి, ఆ పేజీ చూపించు, ఈ పేజీ చూపించు అంటూ నిమిషానికి వేల ప్రశ్నలు వచ్చి పడుతున్నాయి. ఎవరో కావాలనే చేస్తున్నారనుకుని ఇంటర్నెట్ చిరునామా వెతికింది. తమ జిల్లాలోనే, పులివెందులలోని ఒక కాలేజీ!

హఫీజాకు నవ్వాగలేదు. జట్టులోని మిగతావాళ్లు ఆ చిరునామాను అడ్డుకోమన్నారు. అడ్డుకుంటే కాలేజీ మొత్తానికి సైటు మూతపడుతుందని ఆమెకు మనసొప్పలేదు. అక్కడి నుంచి వచ్చే ప్రశ్నల వేగం మాత్రం తగ్గించి, కాలేజీకి మెయిల్ పెట్టింది. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. మూడో రోజు జమ్మలమడుగు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కింది.

కాలేజీలో అడుగుతూ అడుగుతూ ఒక ల్యాబుకు చేరింది. ప్రత్యూష అనే పరిశోధక విద్యార్థిని అక్కడ ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని బొరుగుల ఉగ్గాని తింటోంది.

“ఈడ నుంచి మా జబ్బుల సైటుకు ఎవరో ఆగకుండా ప్రశ్నలేస్తాండారమ్మా,” అంది హఫీజా.

ప్రత్యూష చేతిలో స్పూను ఆగిపోయింది. “నేనే అక్కా. గొర్రెల నుంచి మనుషులకొచ్చే జబ్బుల మీద పని చేస్తాండా. ఒక్కో పేజీ తెచ్చుకునేట్ల ప్రోగ్రాం రాసినా. ఇంగా లక్ష పేజీలుండాయి. పోలీసులకు చెప్తావా ఏంది?”

“పోలీసులెందుకు? మొత్తం కలిపి ఒకే ఫైలుగా ఉంది గదా. దించుకుంటే అయిపాయె.”

“యాడ?”

హఫీజా చూపించబోయి తడబడింది. ఆ లింకు పేజీ అట్టడుగున, చీమ తలంత అక్షరాల్లో ఉంది. రెండేళ్ల కింద దాన్ని అక్కడ పెట్టింది తనే. ఇంతదూరం వేరేవాళ్ల తప్పు ఎత్తిచూపడానికి వచ్చిన ఆమెకు సిగ్గేసింది.

“తప్పు నాదే లేమ్మా,” అంది. ప్రత్యూష ఊపిరి పీల్చుకుని, ఉగ్గాని గిన్నె ఆమె వైపు జరిపింది. ఇద్దరూ తినేలోపు ఫైలు దిగింది. ప్రోగ్రాం ఆపేశారు.

ఇంటికొచ్చిన రోజే హఫీజా ఆ లింకును పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో పెట్టింది. నెల తిరిగేసరికి వేరే దేశాల నుంచి వచ్చే ఇలాంటి తాకిడి కూడా సగం తగ్గింది. జట్టువాళ్లు మెచ్చుకున్నారు.

ప్రత్యూషకు మాత్రం భయం పోలేదు. ఇప్పటికీ మెసేజ్ పెడుతుంది: “అక్కా, ఈరోజు సైటులో కొత్తగా చేరిన రెండొందల పేజీలు చూడాల. ఏం గాదు గదా?”