గోడ మీది టోపీ నీడ

దెయ్యం కథ చెప్పేవాళ్ళను మధ్యలో ఆపి, "మీరు స్వయంగా చూశారా?" అని అడిగే మనిషిని నేను. అందుకే ఇది రాయడం నాకే కాస్త సిగ్గుగా ఉంది.

ముందు ఒక విషయం. టాకీలు వచ్చిన కొత్తలో హాలీవుడ్ వాళ్ళు తమ సినిమాలనే పరాయి భాషల్లో మళ్ళీ తీసేవారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా దీన్ని డబ్బింగ్ అంటారు. డబ్బింగ్ కాదు. అదే కథ, అదే సెట్టు, నటులు వేరు. పగలు ఇంగ్లీషు వాళ్ళు తీసి వెళ్ళాక, రాత్రి స్పానిష్ వాళ్ళు వచ్చి, ముందువాళ్ళు నిలబడిన సుద్ద గుర్తుల మీదే నిలబడేవారు. షిప్‌యార్డులో వెల్డర్‌గా ఒకే ఓడ మీద రెండు షిఫ్టులూ చేసినవాణ్ణి, నాకు ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పదో తరగతి తప్పాను. పాత పుస్తకాలు కొనుక్కుని చదివాను.

నలభై ఏళ్ళ కిందట, సింగపూర్ వచ్చిన కొత్తలో, ఒక ఫిల్మ్ క్లబ్బులో అలాంటి స్పానిష్ సినిమా చూశాను. అందులో హీరో టోపీ లేకుండా మెట్లు దిగుతాడు. గోడ మీద అతని నీడకు మాత్రం టోపీ ఉంది. ఇంగ్లీషు సినిమాలో అదే చోట హీరో టోపీ పెట్టుకునే దిగుతాడు.

ఈ మధ్య రెండుసార్లు మా ఇంటి దగ్గరి స్టేషన్ క్లెమెంటిలో ట్రైన్ దిగడం మరిచిపోయాను. అప్పటినుంచి మా అమ్మాయి లావణ్యకు నా ప్రతి జ్ఞాపకం మీదా అనుమానమే. టోపీ సంగతి చెబితే నవ్వేసింది.

"మెమరీ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నా నాన్నా. ఊరికే చెక్ చేస్తారు లా," అంది, సింగపూర్ వాళ్ళలా చివర 'లా' తగిలిస్తూ.

"ఆ సినిమా ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తున్నారు. నువ్వూ రా. టోపీ లేకపోతే టెస్టుకు వస్తాను. ఒంటరిగా బయటికి కూడా వెళ్ళను."

"ప్రామిస్? తర్వాత కోప్పడకూడదు మరి."

చిన్న హాలు, పాతికమంది ఉంటారు. హీరో మెట్లు దిగాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. నీడకు టోపీ లేదు. జుట్టు, చెవులు, అంతే.

ఓడిపోయానని లావణ్య వైపు తిరిగాను. తను తెర మీంచి కళ్ళు తిప్పకుండా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

బయటికి వచ్చాక, "సారీ నాన్నా. టోపీ ఉంది," అంది.

"నా మీద జాలితో చెప్పకు. నాకే కనబడలేదు."

"జాలి ఏంటి? ఆ షాడో టోపీ తీసి కుర్చీ మీద పెట్టింది కదా. హీరో చేతులు జేబుల్లోనే ఉన్నాయి."

నలభై ఏళ్ళ కిందట నేను చూసిందీ అదే. పిచ్చివాడంటారని ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, చివరికి నా భార్యకు కూడా. టోపీ ఉందన్నంతవరకే చెప్పేవాణ్ణి.

ఆపరేటర్‌ను బతిమాలి ఆ సీను మళ్ళీ వేయించాం. ఈసారి ఇద్దరికీ ఏమీ కనబడలేదు.

అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తానంది లావణ్య. వద్దని నేనే పట్టుబట్టి వెళ్ళాను. డాక్టరు గంటసేపు ప్రశ్నలడిగి, నా జ్ఞాపకశక్తి ఈ వయసుకు చాలా బాగుందన్నాడు. లావణ్య సంతోషించింది. నాకు మాత్రం ఏమీ పాలుపోలేదు. జ్ఞాపకశక్తి పోయిందని చెప్పి ఉంటే, కనీసం ఒక కారణమైనా దొరికేది.