అద్దానికి అంటిన ఆకాశం

మా పక్కింటి డ్రాయింగు టీచరమ్మ పోయిన వారం చనిపోయింది. ఆ రోజు పొద్దున నేను వాకిలి కడిగిస్తుంటే ఆమె కూతురు గోడవతల నిలబడి, "పెద్దమ్మా, అమ్మ నిద్రలోనే పోయింది. వేళ్లకు రంగు అట్లే ఉండాది" అంది. ముందురోజు సాయంత్రం దాకా బొమ్మ వేసిందన్నమాట. బాధపడ్డాను. పనిలో ఉండగా వెళ్లడం అందరికీ దొరకదని కూడా అనుకున్నాను.

కడప బడిలో ఉద్యోగమంతా సుద్దముక్కతో నల్లబల్ల మీద బొమ్మలు వేసిన మనిషి. రిటైరయ్యాక కుంచె పట్టుకుంటే కుదరలేదు. "నడుమ కుంచె దూరితే కాగితం నాకు అందడంలే అక్కా" అనేది. అందుకే మెత్తటి పేస్టల్ కడ్డీలకు వచ్చింది. రుద్ది, వేలితో అద్ది, ఊదేది. ఆ పొడి గోడ దాటి మా వరండాలో పడేది.

"నీ రంగులన్నీ నా బండలకే పూస్తాండావు" అని గట్టిగానే అడిగేదాన్ని.

"ఊరికే ఇస్తాండా గదక్కా, తీసుకో."

కాళ్లూ చేతులూ కడుక్కోనిదే లోపలికి రానిచ్చేదాన్ని కాదు. ఆమె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

ఆమెకు ఒకటే పట్టుదల. పుట్టినూరు కోడుమూరు చేల మీద నడివేసవి ఆకాశాన్ని ఉన్నదున్నట్టు వేయాలి. కొన్న కడ్డీల్లో ఆ రంగు లేదు. "మన ఆకాశం ఎండల్లో నీలంగా యాడుంటాదక్కా? కాలి కాలి తెల్లగయ్యుంటాది." మంగంపేట గనిలో పనిచేసే తమ్ముడితో తెల్లటి ముగ్గురాయి తెప్పించి, నూరి, తుమ్మబంక నీళ్లతో కలిపి, కడ్డీలు చేసి నీడన ఆరబెట్టింది. బంక ఎక్కువైతే కడ్డీ బిగిసి కాగితాన్ని గీరేది. తక్కువైతే చేతిలోనే రాలిపోయేది. "పట్టుకునేంత బంక చాలు, పెంకితనం వద్దు" అనేది. ఆ మాట నన్ను ఉద్దేశించిందేనని నా అనుమానం.

ఏళ్లు గడిచాక ఒక బొమ్మ కాస్త కుదిరిందని, పాత బడికి ఇద్దామని ఫ్రేము కట్టడానికి ఇచ్చింది. దేవుడి పటాలు కట్టే అతను అలవాటు ప్రకారం అద్దాన్ని కాగితానికి అదిమి బిగించాడు. పేస్టల్ బొమ్మకూ అద్దానికీ మధ్య సందు ఉండాలని అతనికి తెలియదు. అద్దం కింద రంగు నలిగినట్టు కనిపించి, మా వరండాలో కూర్చుని ఫ్రేము విప్పితే సగం ఆకాశం అద్దానికి అంటుకుని వచ్చింది. అతణ్ణి పిలిపిస్తానని నేను లేచాను. ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది.

"ఉండక్కా. ఇన్నాళ్లూ శానా ఎక్కువ పూస్తాంటి. ఎండంటే ఇదీ."

నిజమే. పొడి లేచిపోయిన చోట చేల మీద ఎండ కళ్లు చిట్లించేలా ఉంది. అందులో మరో గీత గీయకుండా, ఈసారి సందు వదిలి కట్టించి బడికి ఇచ్చింది. ఆ తర్వాత ఏ ఆకాశం వేసినా, గాజుపలకతో అదిమి కొంత రంగు తీసేసేది.

ఆ పాత అద్దాన్ని నా చేతికిచ్చి, "ఉంచుకో అక్కా, తుడిచేకి నీకొక పని దొరుకుతాది" అని నవ్వింది.

అది మా పడమటి కిటికీలో ఉంది. ఇంట్లో ప్రతి వస్తువునూ రోజూ తుడిపించే నేను, దాన్ని రంగు అంటని వెనకవైపు మాత్రమే తుడుస్తాను. పొద్దు వాలేటప్పుడు మా నల్లటి బండల మీద పలచటి ఆకాశం ఒకటి పరుచుకుని, కాసేపుండి, గోడెక్కి పోతుంది.