గూటి ముందు పెంగ్విన్ పిల్ల

ఆళ్లగడ్డలో లక్ష్మయ్య పురుగుమందుల అంగడి వెనకే ఇల్లు. మందు కోసం వచ్చి భోజనాల వేళ దాటిపోయిన రైతును అన్నం పెట్టకుండా పంపడం అతని భార్య వాసవాంబకు ముప్పై ఏళ్లలో చేతకాలేదు. ఆ ఏడు సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ భార్యలతో సహా ఆస్ట్రేలియా తీసుకుపోయింది. మూడో రోజు సాయంత్రం మెల్‌బోర్న్‌కు దూరంగా ఒక దీవిలో, సముద్రానికి ఎదురుగా మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టారు. వాసవాంబ రెండు శాలువాలు కప్పుకుంది.

పొద్దుగుంకాక అలల్లోంచి పెంగ్విన్‌లు లేచాయి. జానెడున్నర ఎత్తు, నీలి వీపు, తెల్ల పొట్ట. పదీ పన్నెండూ గుంపు కట్టి ఇసుక మీదికి రావడం, భయపడి నీళ్లలోకి పరుగెత్తడం, మళ్లీ రావడం. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తిరిగిపోయే చెక్కబాట పక్క పొదల్లో వాటి బొరియలున్నాయి. ఒక బొరియ ముందు బూడిదరంగు నూగుతో ఒక పిల్ల నిలబడింది. వచ్చిన ప్రతి పెద్ద పక్షికీ ఎదురు పరుగెత్తి నోరు తెరుస్తోంది. ఏదీ దానిది కాదు. ఒకటి పొడిచి పోయింది.

వాసవాంబ కంచె పట్టుకుని ఆగిపోయింది.

"దీన్ని కన్నది యాడుందప్పా?" అని వెంట ఉన్న కంపెనీ ఆఫీసరు హరీష్‌ను అడిగింది.

అతను అక్కడి కాపలా అమ్మాయిని కనుక్కుని చెప్పాడు. "తల్లీ తండ్రీ మేతకు పోయినాయంటమ్మా. ఈపొద్దు రాకుంటే రేపు రావచ్చంట. ఒక్కోసారి రావంట."

"రాకుంటే?"

హరీష్ కాపలా అమ్మాయి వైపు చూశాడు.

"వీళ్ల కాడ నాలుగు చేపలు లేవా? పెట్టమను." జన్మలో చేప ముట్టని మనిషి ఆమె.

"పెట్టగూడదంట. తాకగూడదంట."

అందరూ బయలుదేరాలని మైకులో చెప్పారు. లక్ష్మయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "రా. బస్సులో అందరూ మనకోసం కూచోనుండారు."

"అది ఇంకా చూస్తాండాది."

"మనమేం చేస్తాం?"

"ఏం చేయలేం. అదే చెప్తాండా."

ఆమె కదిలేసరికి పిల్ల మరో పక్షి వెంట పరుగెడుతోంది.

పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర, ఆ దీవికి ఫోన్ చేయమని హరీష్‌ను అడిగింది.

"ఒక్క పిల్ల సంగతి ఎవరు చెప్తారమ్మా," అంటూనే అతను చేశాడు. టికెట్ల వేళలు చదివే రికార్డు గొంతు పలికింది. ఆమెకు నమ్మకం కలగాలని స్పీకర్ పెట్టి ఆమె ముందుంచాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాసవాంబ అది ఆగిపోయేదాకా వింది. మధ్యాహ్నమే విమానం.