గవర్నరుగారి ఓళిగలు

ఆ రోజుల్లో నాకు బాగా తెలిసినవాళ్ళంతా ఎప్పుడో పోయినవాళ్ళే. కడప నుంచి వచ్చి కర్నూలులో ఒక చిన్న పత్రికలో చేరిన కొత్త. ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను నాకు అంటగట్టారు. ఎవరి జయంతి ఎప్పుడో, ఎవరి వర్ధంతి ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. బతికున్నవాళ్ళలో మాత్రం నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి లేడు. కల్లూరులో ఒక గది, గోడ అవతల ఇంటావిడ మగ్గం చప్పుడు, అంతే. కోడుమూరు నుంచి వచ్చిన ఆమెను వీధంతా పెద్దమ్మ అనేది. నేనూ అలాగే అనేవాణ్ణి గానీ, అద్దె ఇచ్చే రోజు తప్ప మా మధ్య మాటల్లేవు.

అలా ఉండగా నా పుట్టినరోజు దగ్గరపడింది. అమ్మ పోయాక దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు. (నాన్నకు తన పుట్టినరోజే తెలియదు, నాది అడగడం అన్యాయం.) ఎవరైనా ఒక్కరు పలకరిస్తే బాగుండునని లోపల పీకుతూనే ఉండేది. నోరు తెరిచి చెప్పుకోవడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చేది. పోనీ, నాతోపాటు పుట్టిన మహానుభావుణ్ణయినా పత్రికలో వేసి తృప్తిపడదామని పుస్తకాలన్నీ తిరగేశాను. ఒక్కడూ పుట్టలేదు. పోయినవాడు మాత్రం ఒకడు దొరికాడు. అమెరికా ఇంగ్లండు రాజు ఏలుబడి నుంచి బయటపడిన కొత్తలో అక్కడొక చిన్న రాష్ట్రానికి గవర్నరు. సొంత ఊళ్ళోనే ఆయన్ను తలుచుకునేవాళ్ళు లేరని చదివేసరికి నాకు దగ్గరి చుట్టం దొరికినట్లయింది. ఆ వర్ధంతి గురించి కాస్త ఎక్కువే కరిగిపోయి రాశాను.

పుట్టినరోజు పొద్దున్నే పెద్దమ్మ పేపరు పట్టుకొని నా గుమ్మంలో నిలబడింది.

“ఏమప్పా, ఈ గవర్నరుకు ఎడ పెట్టేవాళ్ళు ఎవురన్నా ఉండారా?” (పోయినవారి పేరున విస్తరి వేసి అన్నం పెట్టడాన్ని మావైపు ఎడ పెట్టడం అంటారు.)

“యాడుంటారు పెద్దమ్మా? శానా పాతకాలపాయన.”

“అయ్యో పాపం. నువ్వు రాసింది సదివినప్పట్నుంచి మనసు అదోమాదిరిగా ఉండాది. ఆయప్పకు ఏమిష్టమో తెలుసునా?”

నా నోట్లోంచి ఊడిపడింది: “ఓళిగలు.” (బొబ్బట్లకు మావైపు పేరు.)

“పాలు పోసుకోనా, నెయ్యేసుకోనా?”

“నెయ్యి పెద్దమ్మా,” అన్నాను తడుముకోకుండా. ప్రతి పుట్టినరోజుకూ అమ్మ నాకు పెట్టినట్లే.

మధ్యాహ్నానికి మగ్గం పక్కన అరిటాకు పడింది. ఫొటో లేదు కాబట్టి పేపర్లోని ఆయన పేరుకే బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించింది. గోడ మీద కాకికి ముద్ద పెట్టింది. కాకి ముట్టందే మనం తినకూడదు. నా కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి, కాకి జాడ లేదు.

“అమెరికా నుంచి రావల్ల గదప్పా, తడవు పడ్తాది. ఓర్చుకో,” అంది పెద్దమ్మ.

చివరికి ఎవరి పుణ్యమో ఒక కాకి వాలింది. గవర్నరుగారి తరఫున నేను విస్తరి ముందు కూర్చున్నాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

“ఏమప్పా, పొరబోయిందా?” అని ఆమె నా తల తట్టింది. ఎన్నాళ్ళయిందో నా తల మీద ఒక చెయ్యి పడి. అవునన్నాను.

తర్వాత ఊళ్ళు మారాను. అయినా ప్రతి ఏడూ ఆ రోజున పెద్దమ్మ ఫోన్ చేసేది. “మన గవర్నరుకు ఎడ పెట్టినాలే. నువ్వు తిన్నావా?” అది నా పుట్టినరోజని ఆమెకు చివరిదాకా చెప్పలేదు. చెబితే గవర్నరుకు పెట్టడం మానేస్తుందేమోనని భయం.

ఇప్పుడు ఆ రోజున తెల్లారకముందే బ్యాంకూ, చెప్పుల షాపూ నన్ను దీవిస్తూ మెసేజీలు పంపుతాయి. కిందటేడు నుంచి ఆ ఫోన్ మాత్రం రావడం లేదు. ఈసారి ఓళిగలు నేనే చేశాను, సగం మాడాయి. గవర్నరుగారి విస్తరి పక్కన పెద్దమ్మకు ఇంకో విస్తరి వేశాను. కాకి వెంటనే వచ్చేసింది. కోడుమూరు దగ్గరే కదా అనుకొని, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.